85 శాతం సెట్ లేవడం లేదా? ముందు లెక్క చూడండి

బరువు ఆగిపోగానే చాలామంది ప్రోగ్రాం మార్చేస్తారు. బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల జిమ్‌లలో మనవాళ్లు నా దగ్గరికి తెచ్చిన సమస్యల్లో ఎక్కువ భాగం బలానివి కావు, లెక్కవి. డైరీలో 75, 85, 95 శాతం అని సరిగ్గానే రాసి ఉంటుంది. అవి దేనిలో శాతం అన్నచోటే తప్పు జరుగుతుంది.

మొదటి వారంలోనే 85 శాతం సెట్ పూర్తి కావడం లేదు

మీరు రాసుకున్న మ్యాక్స్ (ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు) మీది కాదు. శనివారం సాయంత్రం ట్రైనర్ వెనక నిలబడి "ఇన్నొందు, ఇన్నొందు" (ఇంకొకటి, ఇంకొకటి) అంటూ బార్ కింద రెండు వేళ్లు పెట్టి లేపించిన బెంచ్‌లో ఆయన వాటా ఎంతో ఎవరికీ తెలియదు. స్క్వాట్ అయితే సగం దాకా దిగి లేచిన 120. నా మొదటి డైరీలో ఈ రెండు అంకెలూ ఉన్నాయి.

ఒక్క రెప్ మ్యాక్స్ జోలికి వెళ్లకండి. ఎవరి సాయం లేకుండా, పూర్తిగా దిగి, 3 నుంచి 5 రెప్స్ వచ్చే బరువు ఎత్తండి. ఆ బరువును రెప్స్‌తో గుణించి, 30తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ ఆ బరువుకే కలపండి. దీన్ని ఎప్లీ సూత్రం అంటారు. 90 కిలోలు 5 సార్లు లేచిందనుకుందాం. 450ని 30తో భాగిస్తే 15, అంటే మ్యాక్స్ 105. అందులో 90 శాతం 94.5. కిందికి సవరించి 92.5 అని రాసుకోండి. ఇదే మీ ట్రైనింగ్ మ్యాక్స్, శాతాలన్నీ దీనిలోనే తీయాలి. దీని 85 శాతం 78.6, బార్ మీద 77.5. ఆ సగం స్క్వాట్ 120లో 85 శాతం 102! సెట్ ఎందుకు లేవలేదో ఇక్కడే తెలిసిపోతుంది. 12, 15 రెప్స్ సెట్లతో ఈ సూత్రం వాడకండి, రెప్స్ పెరిగేకొద్దీ అంచనా తప్పుతుంది.

స్క్వాట్ పెరుగుతోంది, ప్రెస్ మాత్రం ఆగిపోయింది

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ప్రతి సెట్‌కూ విడిగా బరువు పెంచే పని లేదు. సైకిల్ (నాలుగు వారాల చుట్టు) ముగిశాక ట్రైనింగ్ మ్యాక్స్ ఒక్కటే పెంచితే మిగతాది శాతాలే చూసుకుంటాయి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్‌లకు 5 కిలోలు, బెంచ్, ఓవర్‌హెడ్ ప్రెస్‌లకు 2.5 పెంచడం మామూలు పద్ధతి. కానీ మన జిమ్‌లలో చాలాచోట్ల దొరికే చిన్న ప్లేటే 2.5. రెండు వైపులా వేస్తే 5. అది 100 కిలోల డెడ్‌లిఫ్ట్‌కు 5 శాతం, 40 కిలోల ప్రెస్‌కు 12.5 శాతం.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ప్రెస్ ట్రైనింగ్ మ్యాక్స్ 40 అనుకోండి. 75, 85, 95 శాతాలు 30, 34, 38. 5 కిలోల మెట్లే ఉంటే అవి 30, 35, 40 అవుతాయి. డైరీలో 95 శాతం, బార్ మీద నూటికి నూరు.

1.25 ప్లేట్ల జత ఒకటి కొని బ్యాగులో పెట్టుకోండి. కొనేముందు రంధ్రం చూడండి: ఒలింపిక్ బార్‌కు 50 మిల్లీమీటర్లది కావాలి, ఇంట్లో వాడుకునే సెట్ల ప్లేట్లు ఎక్కవు. కొనడం కుదరకపోతే ఎప్పుడూ కిందికే సవరించండి. మ్యాక్స్‌ను రెండు సైకిళ్లు కదపకుండా, చివరి సెట్‌లో అడిగినదానికన్నా రెండు మూడు రెప్స్ ఎక్కువ వచ్చాకే 5 పెంచండి.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి క్లీన్ అండ్ జెర్క్‌లో 130 తర్వాత ఏకంగా 137.5కు వెళ్లారు, స్వర్ణం కోసం. అది కుదరలేదు, కాంస్యం వచ్చింది. ఎదురుగా స్వర్ణం ఉన్నప్పుడు ఆ సాహసం అర్థం చేసుకోవచ్చు. మన మంగళవారం సాయంత్రం ప్రెస్‌కు ఎదురుగా ఏ పతకమూ లేదు కదా.

ఒక జిమ్‌లో లేచిన బరువు ఇంకో జిమ్‌లో కదలదు

బార్ తూచారా? నేను పీజీ హాస్టల్ మారి కొత్త జిమ్‌లో చేరిన వారంలోనే నా బెంచ్ 5 కిలోలు పడిపోయింది. రెండు వారాలు తిండి మీద అనుమానపడ్డాను. తీరా చూస్తే పాత జిమ్ బార్ 20 కాదు, 15. బాత్రూం స్కేల్ మీద బార్ పట్టుకుని నిలబడి, అందులోంచి మీ బరువు తీసేస్తే సరిపోతుంది. పౌండ్ల ప్లేట్లున్నచోట 45 పౌండ్లంటే 20.4 కిలోలు. బార్ పట్టాల వెంట నడిచే స్మిత్ మెషీన్ మీద ఎత్తిన అంకెతో శాతాలు తీయకండి.

ఊరికి వెళ్లొచ్చాక అన్నీ బరువుగా ఉన్నాయి

వారం రోజుల సంక్రాంతికి బలం ఎక్కడికీ పోదు. ఆదివారం రాత్రి బస్సెక్కి, నిద్రలేకుండా మడివాళలో దిగి, సోమవారం పొద్దున్నే స్క్వాట్ చేస్తే అలాగే ఉంటుంది. మ్యాక్స్ మార్చకండి, సైకిల్‌ను మొదటి వారం నుంచి మళ్లీ మొదలుపెట్టండి. జ్వరంతో రెండు మూడు వారాలు పోతే మాత్రం ట్రైనింగ్ మ్యాక్స్‌లో 10 శాతం తగ్గించండి. డెంగీ అయితే ముందు డాక్టర్ సరేననాలి.

నాలుగు లిఫ్టులూ ఒకేసారి ఆగిపోయాయి

ఒక్కటి ఆగితే దాని లెక్క చూడాలి. నాలుగూ ఆగితే నిద్ర, తిండి, విశ్రాంతి చూడాలి. నాలుగో వారం డీలోడ్ (తేలిక బరువుల వారం) ఎగ్గొట్టారేమో డైరీ తిరగేయండి. ఆ వారం 40, 50, 60 శాతాలతో ఐదేసి రెప్స్ చాలు. ఇక తిండి: కిలో శరీర బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ లెక్కన 70 కిలోల మనిషికి 112 గ్రాములు. గుడ్డుకు సుమారు 6 గ్రాములు. పీజీ సాంబారన్నం ఇందులో ఎంత పూడుస్తుందో మీకే తెలుసు.

అన్నీ సరిచూసుకున్నా వరుసగా రెండు వారాలు రెప్స్ తప్పాయి

మ్యాక్స్ 10 శాతం దించండి. బెంచ్ 80 ఉంటే 72.5. సైకిల్‌కు 2.5 చొప్పున మళ్లీ 80కి చేరడానికి మూడు సైకిళ్లు, అంటే 12 వారాలు. ఈ మాట చెప్పగానే "మూడు నెలలా బ్రో?" అంటారు. అదే 80 దగ్గర ఎన్ని నెలలుగా ఆగి ఉన్నారో డైరీలో లెక్కపెట్టమంటాను.