గాలి పెరిగితే ముందు తెరచాపను ఎలా తగ్గించాలి?

రోలర్ ఫర్లింగ్ ఉన్న చిన్న సెయిల్‌బోట్‌లో ముందు తెరచాప సైజు తగ్గించడానికి ఎవరూ పడవ ముక్కు దాకా పాకనక్కర్లేదు. కాక్‌పిట్‌లో కూర్చుని తాడు లాగితే చాలు, తెరచాప ఫోర్‌స్టే (మాస్ట్ అనే స్తంభం నుంచి పడవ ముక్కుకు బిగించిన తీగ) చుట్టూ చుట్టుకుంటుంది. వినడానికి ఇంత సులువుగా ఉండబట్టే చాలామంది దీన్ని నేర్చుకోవలసిన పనిగా చూడరు. గాలి ముదిరి, పడవ బాగా ఒరిగిపోయాక తాడును వించ్‌కు (తాడును బలంగా లాగే తిప్పుడు యంత్రం) వేసి బలమంతా పెట్టి తిప్పుతారు. ఆ పద్ధతి వల్ల తెరచాపలు చిరగడం, తాళ్లు తెగడం ఎన్నోసార్లు చూశాను.

కావలసిన సరంజామా పెద్దగా ఏమీ లేదు. చేతులకు గ్లోవ్స్, చెరగని మార్కర్, ఎక్కడా ఒరిపిడి లేని మంచి ఫర్లింగ్ తాడు. సగం చుట్టిన తెరచాప మొత్తం ఆ ఒక్క తాడు మీదే ఆగి ఉంటుంది. అది తెగితే తెరచాప అంతా ఒక్కసారిగా విచ్చుకుంటుంది. తాడు డ్రమ్‌లోకి (ఫోర్‌స్టే అడుగున తాడు చుట్టుకునే చక్రం) ఫోర్‌స్టేకు లంబకోణంలో వెళ్తోందో లేదో కూడా చూసుకోండి.

గాలి లేని రోజు తెరచాపను పూర్తిగా తెరిచి, కింది అంచు మీద రెండు గుర్తులు పెట్టండి. ఒకటి కొద్దిగా తగ్గించడానికి, రెండోది చివరి హద్దు. 135 శాతం జెనోవా (మాస్ట్ దాటి వెనక్కి వచ్చే పెద్ద ముందు తెరచాప) అయితే 100 శాతం దగ్గర ఆ హద్దు పెట్టండి. (ఫోర్‌స్టే నుంచి మాస్ట్ దాకా ఉన్న దూరాన్ని 100గా తీసుకుని చెప్పే లెక్క ఇది.) దాదాపు 30 శాతం విస్తీర్ణం తగ్గేదాకా తెరచాప ఆకారం ఫర్వాలేదు. అది దాటితే మధ్యలో సంచిలా ఉబ్బుతుంది, పడవను ముందుకు లాగడం మానేసి పక్కకు తోస్తుంది. ముందు అంచులో ఫోమ్ పట్టీ కుట్టిన తెరచాప కొంచెం మెరుగు, అయినా హద్దు హద్దే. ఇంకా తగ్గించాల్సి వస్తే మెయిన్ సెయిల్‌ను, అంటే మాస్ట్ వెనకున్న తెరచాపను, తగ్గించాలి. జెనోవాను రుమాలంత చేసి దానితోనే ఎదురుగాలికి వెళ్లొచ్చనేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

ఎప్పుడు తగ్గించాలి? తగ్గిద్దామా అన్న ఆలోచన వచ్చిన క్షణమే. గాలి వేగం 10 నాట్ల నుంచి 14కు పెరిగితే తెరచాప మీద ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. గాలి వెనక నుంచి వస్తున్నప్పుడు ఇది అసలు తెలియదు. 15 నాట్ల గాలిలో పడవ 5 నాట్లతో గాలివాటున పోతుంటే ముఖానికి 10 నాట్లే తగులుతుంది, హాయిగా ఉంటుంది. అదే పడవను గాలి వైపు తిప్పగానే 19 నాట్ల దాకా తగులుతుంది. ఒత్తిడి మూడున్నర రెట్లు! అందుకే తిప్పాక కాదు, తిప్పకముందే చుట్టాలి.

ఇక అసలు పని. ముందు పడవ దిశ మార్చండి. పడవను నేరుగా గాలికి ఎదురు నిలిపి చుట్టాలని చాలామంది చెబుతారు. గట్టి గాలిలో అది నాకు నచ్చదు. తెరచాప కొరడాలా కొట్టుకుంటుంది, షీట్లు (తెరచాప వెనక మూలకు కట్టిన తాళ్లు) ఒకదానికొకటి పెనవేసుకుంటాయి, ఎగిరే ఆ మూల ఎవరికైనా తగిలిందంటే గాయమే. మెల్లగా గాలివాటుకు తిరగండి. గాలి వెనక పక్క నుంచి వచ్చేలా పెడితే మెయిన్ సెయిల్ నీడలో ముందు తెరచాప శాంతిస్తుంది. చుక్కాని పట్టిన మనిషి ఆ దిశనే నిలపాలి, మెయిన్ సెయిల్ అటు నుంచి ఇటు విసురుగా తిరిగేంత దూరం పోకూడదు.

తర్వాత షీట్. అందరూ పాడుచేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. షీట్‌ను వదిలేయకూడదు, సడలించాలి. వించ్ మీద ఒక చుట్టు ఉంచి, చివర చేతిలో పట్టుకుని, ఒక మూర వదలండి. అదే సమయంలో ఇంకొకరు ఫర్లింగ్ తాడును ఆ మూర మేరకే లాగాలి. మళ్లీ మూర వదలాలి, మళ్లీ లాగాలి. షీట్‌లో ఎప్పుడూ కొంచెం బిగువు ఉండాలి. ఆ బిగువే తెరచాపను గట్టిగా, ముడతలు లేకుండా చుట్టిస్తుంది. షీట్ పూర్తిగా వదిలేస్తే చుట్ట వదులుగా వస్తుంది, పైభాగంలో గుడ్డ సంచిలా మిగులుతుంది, రాత్రి గాలి పెరిగినప్పుడు ఆ సంచిలోకే గాలి దూరి చుట్ట విప్పుకుంటుంది. బిగువు మరీ ఎక్కువైతే ఫర్లింగ్ తాడు చేతికి రాదు. నిండు బకెట్‌ను బావిలోంచి చేదేంత బరువు అనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. అంతకన్నా బరువైతే షీట్ ఇంకాస్త వదలండి, లేదా ఇంకాస్త గాలివాటుకు తిరగండి. ఒంటరిగా ఉంటే మూర వదిలి, మూర లాగి, తాడును క్లీట్‌కు (తాడు బిగించే కొక్కెం) వేసి, మళ్లీ మొదలుపెట్టండి. ఆలస్యమవుతుంది, అయితే కానివ్వండి. తాడును మాత్రం చేతికి చుట్టుకోవద్దు.

మధ్యలో తాడు ఆగిపోతే ఆపేయండి. వించ్ దగ్గరకు పోవద్దు. నా పడవలో ఫర్లింగ్ తాడును వించ్‌కు వేయడం నిషేధం. చేతితో లాగితే అడ్డు ఎక్కడుందో చేతికి తెలుస్తుంది, వించ్‌కు ఆ స్పర్శ లేదు. మూడు చోట్ల చూడండి. డ్రమ్ మీద తాడు ఒక చుట్టు కింద ఇంకో చుట్టు ఇరుక్కుందేమో, షీట్ ఎక్కడైనా పట్టుకుందేమో, పైన స్వివెల్ (తెరచాప పై మూల దగ్గర తిరిగే భాగం) దగ్గర హాలియార్డ్ (తెరచాపను పైకెత్తే తాడు) ఫోర్‌స్టే చుట్టూ మెలిపడిందేమో. ఈ మూడోదే ప్రమాదకరం. ఆ మెలిక మీద బలం పెడితే హాలియార్డ్ తెగవచ్చు, ఫోర్‌స్టే తీగలు ఒక్కొక్కటే తెగి చివరికి మాస్టే పడిపోవచ్చు. నా పడవలో ఒకసారి ఖాళీగా ఉన్న రెండో హాలియార్డ్ చుట్టలో ఇరుక్కుంది. పైకి చూశాను కాబట్టి సరిపోయింది. తాడు కొంచెం వదిలి, తెరచాపను కాస్త విప్పి, చిక్కు తీశాక మళ్లీ చుట్టాను. ఒడ్డుకు చేరాక హాలియార్డ్ ఫోర్‌స్టేకు సమాంతరంగా కాకుండా కొంచెం కోణంలో పోయేలా సరిచేయించుకోండి, మెలిక సమస్య అక్కడే తీరుతుంది.

గుర్తు దాకా చుట్టాక ఫర్లింగ్ తాడును క్లీట్‌కు గట్టిగా వేయండి. ఇప్పుడు షీట్ కారును (షీట్ దూరి వెళ్లే, పట్టా మీద జరిగే కప్పీ) ముందుకు జరపండి. ఈ పని మర్చిపోయి ‘చుట్టిన జెనోవా పనికిరాదు’ అని తీర్పు చెప్పేవాళ్లు ఎక్కువ. తెరచాప చిన్నదైతే దాని వెనక మూల ముందుకు, పైకి జరుగుతుంది. కారు పాత చోటే ఉంటే పైభాగం వదులై కొట్టుకుంటుంది. ముందు అంచు దగ్గర గాలి తీరు చూపే ఊలు దారాలను చూడండి, పై దారం ముందుగా కదిలితే కారు ఇంకా ముందుకు, కింది దారం కదిలితే వెనక్కి. రెండో పక్క కారును కూడా ఇప్పుడే జరపండి, మలుపు తిరిగాక బరువులో జరపడం కష్టం. బ్యాక్‌స్టే (మాస్ట్‌ను వెనక నుంచి పట్టి ఉంచే తీగ) బిగించే వీలుంటే బిగించండి.

మళ్లీ తెరిచేటప్పుడు షీట్ లాగుతూ ఫర్లింగ్ తాడును చేతిలోంచి కొద్ది బిగువుతో జారనివ్వండి. వదిలేస్తే డ్రమ్ మీద తాడు వదులుగా పడుతుంది, తర్వాతిసారి ఇరుక్కునేది అందుకే. రోజు చివర పూర్తిగా చుట్టేశాక షీట్లతో తెరచాప చుట్టూ రెండు మూడు చుట్లు అదనంగా వేయండి. గట్టి గాలిలో చుట్ట బిగుతుగా వస్తుంది, అందువల్ల ఎక్కువసార్లు తిరగాలి, కాబట్టి డ్రమ్ మీద అంత అదనపు తాడు ముందే ఉండాలి. ఎండకు తట్టుకునే పట్టీ చుట్ట బయటి వైపు వచ్చిందో లేదో చూసి, పడవను వదిలి వెళ్లేటప్పుడు డ్రమ్ తిరగకుండా విడిగా ఒక తాడుతో కట్టేయండి.