ఎండలు ముదరకముందే వానపాముల డబ్బా సర్దుకోండి

ఇంట్లో కొత్తగా వర్మీకంపోస్ట్ (వంటింటి తుక్కును వానపాములతో ఎరువుగా మార్చడం) మొదలుపెట్టినవాళ్లకు మన దగ్గర అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లోనే. చలికాలమంతా కళకళలాడిన డబ్బా, ఎండలు ముదిరాక కొద్ది రోజుల్లోనే ఖాళీ అయిపోవచ్చు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. తడి చర్మంతోనే ఊపిరి తీసుకునే వానపాము ఆ వేడికి ఎక్కడ తట్టుకుంటుంది? అందుకే ఏర్పాట్లన్నీ ఉగాది నాటికే మొదలుపెట్టండి.

ఇళ్లలో ఎక్కువగా పెంచేది ఐసీనియా ఫెటిడా అనే ఎర్ర రకం. దానికి 15 నుంచి 25 డిగ్రీలు హాయి. 30 దాటితే మందగిస్తుంది, 35 దాటితే చనిపోవడం మొదలవుతుంది. యూడ్రిలస్ అనే ఆఫ్రికా రకం వేడిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది గానీ, దానికీ హద్దుంది. ఇవన్నీ డబ్బా లోపలి వేడి లెక్కలు. బయట 42 ఉన్నా లోపల 30 దాటకుండా చూసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు చోటు మార్చండి. ఉదయం నీడగా ఉందని పడమటి బాల్కనీలో పెడితే, మధ్యాహ్నం మూడింటికి ఆ గోడే సెగలు కక్కుతుంది. మిద్దెతోట ఉన్నవాళ్లు డబ్బాను స్లాబు మీద నేరుగా అస్సలు ఉంచొద్దు. మెట్ల కింద, ఉత్తరం వైపు వరండా, వాష్ ఏరియా లాంటి రోజంతా నీడ ఉండే చోటు చూసి, ఇటుకల మీద నిలపండి. నల్ల ప్లాస్టిక్ డ్రమ్ము వేసవికి పనికిరాదు. మట్టి తొట్టి మంచిది. చేపలు, ఐసు రవాణా చేసే థర్మోకోల్ పెట్టె దొరికితే అడుగున, పక్కల రంధ్రాలు చేసి వాడుకోవచ్చు. పైన తడిపిన గోనెసంచి కప్పండి. ఆ తడి ఆరుతూ ఆరుతూ లోపలి వేడిని లాగేస్తుంది. అయితే గాలి ఆడాలి, ప్లాస్టిక్ కవరుతో బిగించొద్దు.

ఎండ ఒక్కటే కాదు, మనం వేసే మేత కూడా వేడి పుట్టిస్తుందని కొత్తవాళ్లు గమనించరు. పచ్చి కూరగాయల తుక్కు కుప్పగా పడితే కుళ్లేటప్పుడు లోపల సెగ పుడుతుంది. చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. పావుకిలో వానపాములకు మామూలు రోజుల్లో రోజుకు వంద గ్రాముల దాకా వేస్తుంటే, వేసవిలో సగానికి తగ్గించండి. తుక్కును చిన్న ముక్కలు చేసి, మూడు నాలుగు రోజులు విడిగా మగ్గబెట్టి, ఒక మూలన పలచగా వేయండి. అది చాలావరకు తిన్నాకే మళ్లీ వేయండి. పచ్చి పేడ వద్దే వద్దు. రెండు మూడు వారాలు నీడన ఆరితే దాని వేడి పోతుంది.

ఆవకాయ రోజుల్లో ఇంకొంచెం కనిపెట్టి ఉండాలి. పచ్చడి కలిపిన గిన్నె కడుగునీళ్లు గానీ, ఉప్పు తగిలిన ముక్కలు గానీ డబ్బాలో పడకూడదు. ఉప్పు వానపాము ఒంట్లో నీటిని లాగేస్తుంది. పుల్ల మామిడి తొక్కలు, నిమ్మ చెక్కలు ఎక్కువైతే బెడ్ (డబ్బాలో వానపాములు ఉండే తడి పరుపు) పులిసిపోతుంది. పుచ్చకాయ తొక్కలు వేస్తే వెంట చింపిన అట్టముక్కలు గానీ, ఎండుటాకులు గానీ వేయాలి. లేదంటే అడుగంతా బురదవుతుంది.

నీళ్ల విషయంలో నా గట్టి మాట ఇది: ఎండ ఎక్కువని మగ్గులతో గుమ్మరించకండి. ఎండిపోతే ఎంత ప్రమాదమో, నీళ్లు నిలిచి గాలి ఆడకపోతే అంతే ప్రమాదం. బెడ్‌లోంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే తడి ఎక్కువ, పొడిగా రాలితే తక్కువ. ఉదయం, సాయంత్రం స్ప్రే బాటిల్‌తో చిలకరిస్తే చాలు. మే నెలలో మధ్యాహ్నం కొళాయి తిప్పితే ట్యాంకులోంచి మరిగినట్టున్న నీళ్లు వస్తాయి, అవి నేరుగా పోయొద్దు. రాత్రే బకెట్లో పట్టి ఉంచితే చల్లబడతాయి, మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ కూడా కొంత తగ్గుతుంది.

బెడ్ పొడిబారితే చీమలు చేరతాయి. పెట్టె కాళ్లను, లేదా కింది ఇటుకలను నీళ్ల పళ్లాల్లో పెట్టండి. దోమలు గుడ్లు పెట్టకుండా ఆ నీళ్లు రెండు మూడు రోజులకోసారి మార్చండి. చీమల మందు, చీమల చాక్‌పీస్ దగ్గరికి రానివ్వొద్దు, అవి వానపాములనూ చంపుతాయి.

సెలవులకు ఊరెళ్తున్నారా? వెళ్లేముందు మేత కుక్కి వెళ్లొద్దు. తడి సరిగా ఉంటే రెండు వారాలు కొత్త మేత లేకపోయినా పాత బెడ్‌నే తింటూ బతుకుతాయి. పక్కింటివాళ్లను గోనెసంచి తడపమని మాత్రమే అడగండి.

వానపాములు మూత దగ్గరికి ఎగబాకుతున్నా, అడుగున ముద్దగా చుట్టుకున్నా, కుళ్లు వాసన వస్తున్నా ఆలస్యం చేయకండి. కొత్త మేత తీసేసి, బెడ్‌ను వేళ్లతో మెల్లగా గుల్లచేసి, తడిపి పిండిన కొబ్బరి పీచు కలపండి. ఆ పీచును ముందే రెండు మూడు నీళ్లు మార్చి కడగాలి, అందులో ఉప్పు ఉండొచ్చు.

ఎంత చూసినా కొన్ని చనిపోయాయనుకోండి, డబ్బా బోర్లించి పారేయకండి. బెడ్‌ను కొద్దిగా చేతిలోకి తీసుకుని వెతికితే మెంతిగింజంత, నిమ్మకాయ ఆకారంలో పసుపు, గోధుమ రంగు గుడ్ల సంచులు కనిపిస్తాయి. నీడన తడి ఆరకుండా ఉంచితే, చల్లబడ్డాక వాటిలోంచి కొత్త పిల్లలు రావచ్చు.