అడ్డాలు తప్పుకునే రోబో: పవర్ ఇచ్చే ముందు చూస్కోవాల్సినవి

పార్టులన్నీ చేతికొచ్చాక వెంటనే ఆన్ చేసేయాలనిపిస్తుంది, కానీ కాస్త ఆగి ఇవి చూస్కోండి ప్లీజ్.

- ముందు బ్యాటరీ. 18650 లిథియం సెల్ ఫుల్ ఛార్జ్‌లో 4.2 వోల్టులుంటుంది, ప్లస్ మైనస్ వైర్లు ఒకదానికొకటి తగిలాయంటే క్షణాల్లో చెయ్యి కాలేంత వేడెక్కి మంట కూడా రావచ్చు, అందుకే పైన తొడుగు చిరిగిన సెల్ అస్సలు వాడొద్దు, మధ్యలో స్విచ్, ఫ్యూజ్ పెట్టండి.

- మోటార్‌ని ఆర్డ్యునో (రోబోని నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు) పిన్‌కి డైరెక్ట్‌గా కలపొద్దు. ఆర్డ్యునో ఊనో మోడల్‌లో ఒక్కో పిన్ నుంచి 20 మిల్లీఆంప్స్ మించి లాగకపోవడమే మంచిది, మోటార్ కదిలేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. మధ్యలో మోటార్‌కి కరెంట్ అందించే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు వాడితే అదే దాదాపు 2 వోల్టులు తినేస్తుంది, లెక్కేస్కోండి.

- గ్రౌండ్లన్నీ, అంటే బ్యాటరీ, బోర్డు, డ్రైవర్, సెన్సర్ల మైనస్ వైపులన్నీ కలిశాయా?

- శబ్దం పంపి, అది తిరిగొచ్చే సమయంతో (ఎకో) దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ ఎకో పిన్ 5 వోల్టులిస్తుంది. ఆర్డ్యునో బదులు ఈఎస్‌పీ32 బోర్డు వాడితే అది 3.3 వోల్టులది కాబట్టి మధ్యలో రెండు రెసిస్టర్లతో తగ్గించాలి.

- నా దృష్టిలో అందరూ వదిలేసేది ఇదే: కర్టెన్ లాంటి మెత్తటి గుడ్డ, ఏటవాలుగా ఉన్న గోడ శబ్దాన్ని సరిగ్గా వెనక్కి పంపవు. ఎకో టైమ్‌కి రాకపోతే పల్స్‌ఇన్ (కోడ్‌లో ఎకో సమయం కొలిచే ఫంక్షన్) 0 ఇవ్వచ్చు, కోడ్‌లో ఆ సున్నాని విడిగా పట్టుకోకపోతే గోడ ముక్కుకి తగిలినట్టు రోబో ఊరికే వెనక్కి తిరుగుతూనే ఉంటుంది. 2 సెంటీమీటర్ల కన్నా దగ్గరున్నది కూడా ఈ సెన్సర్‌కి సరిగా తెలీదు.

- మొదటిసారి చక్రాలు గాల్లో ఉండేలా ఎత్తిపెట్టి, రెండూ ఒకేవైపు తిరుగుతున్నాయో లేదో చూడండి. తర్వాత నేల మీదే నడపండి, టేబుల్ మీద వద్దు, ముందుకు చూసే సెన్సర్‌కి అంచు కనపడదు.