పార్టులో లోపం దొరికిన రోజు: జపాన్, కొరియా, చైనా వాళ్లకు ఎలా చెప్పాలి

శ్రీసిటీలో ప్లాస్టిక్ పార్టులు చేసే కంపెనీలో క్వాలిటీ విభాగం చూస్తాను. మేం పార్టులు సప్లై చేసేది ఒక జపాన్ కంపెనీకి, ఒక కొరియా కంపెనీకి. మోల్డులు, అంటే పార్టులు పోసే అచ్చులు, తెప్పించుకునేది చైనాలోని దోంగ్వాన్ నుంచి. పన్నెండేళ్లుగా ముగ్గురితోనూ పని చేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలకు ముందు నేర్పేది ఒకటే: లోపం బయటపడితే ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలి. అన్నీ సవ్యంగా ఉన్న రోజుల్లో ముగ్గురికీ పెద్ద తేడా కనిపించదు.

జపాన్ వాళ్లకైతే గంటలోపు చెప్పండి, కారణం తెలియకపోయినా సరే. మొదట్లో నాకిది తెలియదు. ఒక క్లిప్పులో ప్లాస్టిక్ చివరిదాకా నిండలేదు. కారణం, పరిష్కారం రెండూ చేత పట్టుకుని వెళ్దామని మూడు రోజులు ఆగాను. వాళ్లు లోపం గురించి రెండు నిమిషాలు మాట్లాడి, ఆ మూడు రోజుల గురించి గంటసేపు అడిగారు. వాళ్ల ఆఫీసుల్లో 'హోరెన్‌సో' అనే మాట ఉంది. రిపోర్ట్ చెయ్యడం, తెలియజెయ్యడం, సలహా అడగడం అనే మూడు మాటల ముక్కలు కలిపి చేసుకున్నది. జపనీస్‌లో పాలకూరనూ అలాగే పిలుస్తారు కాబట్టి ఒకసారి వింటే మరిచిపోరు.

ఈ అలవాటు వెనక ఒక మగ్గం ఉంది. దారం తెగగానే తనంతట తానే ఆగిపోయే మగ్గాన్ని సకిచి తొయోడా 1924లో పూర్తి చేశారు. ఆయన కొడుకు మొదలుపెట్టిన టొయోటాలో ఈ రోజుకీ తేడా కనిపిస్తే మామూలు కార్మికుడే లైన్ ఆపించవచ్చు. అందుకే మీ రిపోర్టులో 'ఆపరేటర్ అజాగ్రత్త' అని రాస్తే ఒప్పుకోరు. ఎందుకు, ఎందుకు అని ఐదుసార్లు అడుగుతారు. ఆపరేటర్ పొరపడే వీలు ఎక్కడుందో మెషిన్ దగ్గరే చూపించాలి. ప్రాసెస్‌లో మార్పు కావాలంటే ఆ మాట మీటింగ్‌లో హఠాత్తుగా ఎత్తకండి. ముందే ఒక్కొక్కరినీ కలిసి చూపించండి. చెట్టును వేరే చోట నాటే ముందు వేళ్ల చుట్టూ తవ్వి సిద్ధం చేస్తారు కదా, ఈ పనికి వాళ్లు పెట్టుకున్న 'నెమవాషి' అనే పేరు అక్కడిదే. 'ముజుకాషీ', అంటే కష్టం, అని ఊపిరి లోపలికి పీల్చారంటే అది కుదరదన్నట్టే.

కొరియా వాళ్ల దగ్గర చూసుకోవలసినవి హోదా, గడువు. కిందనుంచి పైకి సావన్, దేరి, క్వాజాంగ్, చాజాంగ్, బుజాంగ్ అని మెట్లు ఉంటాయి. హోదా చివర 'నిమ్' చేర్చి పిలవాలి, మన 'గారు' లాంటిదే. ఒకసారి తొందరలో బుజాంగ్‌కే నేరుగా మెయిల్ పెట్టాను. రోజూ నాతో మాట్లాడే క్వాజాంగ్ వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. పైవాళ్ల ముందు ఆయన్ని ఇరకాటంలో పెట్టింది నేనే. ముందు ఆయనకు ఫోన్ చెయ్యండి, పైకి ఆయన్నే చెప్పనివ్వండి. ఆ ఫోన్‌లోనే రోజు, గంట కూడా చెప్పండి: 'రేపు ఉదయం 8కి 500 మంచి పార్టులు మీ గేటు దగ్గర ఉంటాయి.' మూల కారణం మర్నాడు పంపినా ఊరుకుంటారు, ఉదయం 8 అన్న మాట తప్పితే ఊరుకోరు.

తొందరపెడతారు కాబట్టి వీళ్లకు నాణ్యత పట్టదనుకోకండి. 1995లో సామ్‌సంగ్ చైర్మన్ లీ కున్-హీ గుమి ఫ్యాక్టరీ ఆవరణలో దాదాపు 1,50,000 ఫోన్లు, ఇతర పరికరాలు కుప్ప పోయించి, రెండు వేల మంది ఉద్యోగుల కళ్లముందే తగలబెట్టించారు. టొయోటాలో 'ఆపు' అనే మాట కిందనుంచి వస్తుంది, ఇక్కడ పైనుంచి వచ్చింది. మన ఫోన్ కాల్ ఎవరి దగ్గర మొదలవ్వాలో ఈ తేడాయే చెబుతుంది.

చైనా వాళ్ల దగ్గర మనం కొనేవాళ్లం. చైనా సరుకు ఇంతేలే అనే మాట నాకు నచ్చదు. చింగ్‌దావోలో తర్వాత హాయర్ అనే పెద్ద కంపెనీగా ఎదిగిన ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీకి మేనేజరైన జాంగ్ రుయిమిన్, 1985లో లోపమున్న 76 ఫ్రిజ్‌లను వాటిని చేసిన కార్మికుల చేతనే సుత్తులతో పగలగొట్టించారు. అయితే మనం సప్లయర్‌ను పదిమందిలో నిలబెట్టకూడదు. పన్నెండు మంది ఉన్న వీచాట్ (మన వాట్సాప్ లాంటిది) గ్రూపులో పగుళ్లున్న మోల్డు ఫొటో పెట్టాను. రెండు రోజులు ఎవరూ పలకలేదు. యజమానురాలికి విడిగా ఫోన్ చేస్తే నాలుగో రోజుకు కొత్త ఇన్సర్ట్, అంటే మోల్డులో మార్చి అమర్చే ముక్క, సిద్ధమైంది. అందుకే ముందు విడిగా మాట్లాడండి. తర్వాత ఎర్ర గీతతో గుర్తుపెట్టిన ఫొటో, కొలత, ఒప్పుకున్న తేదీ రాసి పంపండి. 'మేయ్ వెన్‌తి', ఏ సమస్యా లేదు, అంటే దాన్ని తేదీగా తీసుకోకండి. ఏ స్టీలు, ఏ మెషిన్, ఏ రోజు అని అడగండి.

డబ్బు విషయంలో మా ఒప్పందం ముందు 30 శాతం, షిప్‌మెంట్‌కు ముందు 70. ఆ 70 కట్టే ముందు మన మనిషిని పంపి, కళ్లముందే ఆ మోల్డుతో 300 షాట్లు, అంటే 300 సార్లు పార్టులు, కొట్టించి చూడండి. అక్టోబర్ 1 నుంచి వాళ్లకు పెద్ద సెలవులు. కొత్త సంవత్సరం పండక్కి, అంటే జనవరి చివరికో ఫిబ్రవరిలోనో, ఫ్యాక్టరీ రెండు మూడు వారాలు మూసేస్తారు, ఊరెళ్లిన వాళ్లలో కొందరు తిరిగి రారు. మోల్డు ట్రయల్ డిసెంబర్‌లో ముగియాలని నేను ఆర్డర్ సెప్టెంబర్ మొదటి వారంలోనే ఇచ్చేస్తాను.