పెరటి కుందేళ్ల పెంపకం – 4వ పాఠం: గూడు పెట్టె, పసిపిల్లలు

జత కట్టించిన తేదీ రాసి పెట్టుకోమని పోయిన పాఠంలో చెప్పాను కదా, దానితో పని ఇప్పుడే. కుందేలు 30 నుంచి 32 రోజుల్లో ఈనుతుంది. 28వ రోజున గూడు పెట్టెను బోనులో పెట్టండి. మరీ ముందుగా పెడితే చూడి కుందేలు అందులోనే మూత్రం పోస్తుంది. ఆలస్యమైతే బోను అడుగున ఉన్న జాలీ మీదే ఈనుతుంది, చెన్నై లాంటి వేడి ఊళ్లో అయినా పిల్లలు చల్లబడి చనిపోతాయి.

సోవియట్ చించిల్లా, న్యూజిలాండ్ వైట్ లాంటి జాతులకు అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న చెక్క పెట్టె చాలు. ముందు పలక మాత్రం ఆరంగుళాల ఎత్తే ఉండాలి. లోపల ఎండు వరిగడ్డి పరవండి. గుడ్డపీలికలు వద్దు, దారాలు పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. పైన వేసే మెత్తటి బొచ్చు సంగతి తల్లే చూసుకుంటుంది, తన పొట్ట మీదది పీకి పరుస్తుంది.

కొత్తవాళ్లకు అసలు టెన్షన్ ఈనిన తర్వాతే. తల్లి పిల్లల వైపే వెళ్లడం లేదని కంగారుపడతారు. కుందేలు రోజుకు ఒకటి రెండుసార్లే, అదీ కొద్ది నిమిషాలే పాలిస్తుంది. ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున. కాబట్టి తల్లిని కాదు, పిల్లల పొట్టలు చూడండి. పాలు తాగిన పిల్ల పొట్ట ఉబ్బి బిగుతుగా ఉంటుంది, పలచటి చర్మం కింద తెల్లగా పాలు కనిపిస్తాయి. ఆకలితో ఉన్నదాని చర్మం ముడతలు పడి ఉంటుంది. రోజుకొకసారి చూడండి, చనిపోయినవి ఉంటే తీసేయండి. ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్న భయం అక్కర్లేదు. బయటపడ్డ పిల్లను కుందేలు నోట కరిచి లోపలికి తెచ్చుకోదు. మీరే అరచేతుల్లో వెచ్చబెట్టి గూట్లో పెట్టాలి. ఇద్దరు తల్లులను ఒకేరోజు జత కట్టించమన్నది కూడా ఇందుకే, ఒకదానికి పాలు చాలకపోతే రెండోదాని గూట్లో చేర్చవచ్చు.

మే నెలలో వచ్చే అగ్ని నక్షత్రం ఎండల్లో పిల్లలు పుట్టేలా మాత్రం జత కట్టించకండి. తల్లి సరిగా మేయదు, పాలు తగ్గుతాయి. వేడికి మగవాటికి పిల్లల్ని పుట్టించే సత్తువ కూడా కొన్ని వారాలు తగ్గుతుంది. ఒకవేళ పుడితే పిల్లలు ఎలా పడుకున్నాయో చూడండి. దగ్గరగా ముడుచుకుంటే చలి, దూరదూరంగా జరిగి ఎర్రబడితే ఉక్క. ఉక్కపోస్తుంటే పైబొచ్చు కొంత తీసేయండి.

10–12 రోజులకు కళ్లు తెరుస్తాయి. అప్పటికీ అతుక్కున్న కళ్లను, కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లలో దూది ముంచి తుడవండి. మూడు వారాలకు పిల్లలు వాటంతటవే బయటికి వస్తాయి. అప్పుడు పెట్టె తీసి కడిగి, బాగా ఎండబెట్టి దాచండి. తల్లి నుంచి వేరుచేయడం, మాంసానికి మేపడం వచ్చే పాఠంలో.