సైకిల్‌కూ పరుగుకూ ఒకే బూటు: సోలు ఎలా తయారు చేయాలి?

ట్రయథ్లాన్‌లో ఈత, ఆ వెంటనే సైకిల్, ఆ వెంటనే పరుగు. పతకం కోసం పోటీపడేవాళ్లు సైకిల్‌కు ఒక జత, పరుగుకు ఒక జత పెట్టుకుంటారు. ఈ వ్యాసం వాళ్ల కోసం కాదు. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉండే స్ప్రింట్ పోటీకి మొదటిసారి పేరు ఇచ్చి, మామూలు పెడళ్లున్న సైకిల్‌తోనే దిగేవాళ్ల కోసం. 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు ఉండే ఒలింపిక్ దూరానికీ ఈ బూటు చాలు. 180 కిలోమీటర్లు తొక్కాల్సిన ఐరన్‌మ్యాన్‌కు మాత్రం వద్దు. అక్కడ రెండు జతలు ఉండాల్సిందే.

నల్లగొండలో మా ఇంట్లో మూడు తరాలుగా చెప్పులు కుడుతున్నాం. తోలు కుట్టే ఆరె, తోలు కోసే రంపె పట్టిన చెయ్యే ఇప్పుడు ఈవీఏ అనే మెత్తటి నురుగు షీట్లు కోస్తోంది. ఇంకెక్కడో చేయించుకుని, కాళ్లు నొప్పి పెట్టాక నా దగ్గరికి బాగుచేయించుకోడానికి తెచ్చే బూట్లను విప్పి చూస్తే తప్పు దాదాపు ఎప్పుడూ ఒక్కచోటే ఉంటుంది. సోలు లోపల గట్టి పట్టీ ఎక్కడ ఆగాలో తెలియకుండా పెట్టి ఉంటారు.

కావలసినవి

పాదానికి సరిపోయే ఫర్మాలు (బూటు కుట్టడానికి వాడే పాదం అచ్చులు), 3 మి.మీ. రబ్బరు షీటు, ఈవీఏ షీటు, సోలు లోపల పెట్టే గట్టి పట్టీకి 1.5 మి.మీ. ఫైబర్‌గ్లాస్, పైభాగానికి జాలీ గుడ్డ, వెల్క్రో, సొల్యూషన్, గరుకు కాగితం. ఈవీఏను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. గుంట పడి వెంటనే లేవాలి. గుంట అలాగే ఉండిపోతే ఆ షీటు తీసుకోవద్దు. మడమ కింద 24 మి.మీ., ముందు భాగంలో 16 మి.మీ. మందం వచ్చేలా కోయండి. రోడ్డు పరుగు బూట్లకు 40 మి.మీ. దాకా వరల్డ్ అథ్లెటిక్స్ ఒప్పుకుంటుంది కానీ, సైకిల్ కూడా తొక్కే బూటుకు 24 దాటకూడదు. మెత్తటి నురుగు ఎంత మందంగా ఉంటే పెడల్ మీద అంత అణిగిపోతుంది. మీరు తొక్కిన బలం చక్రానికి చేరేలోపు అక్కడే కొంత పోతుంది.

కొలత

సాయంత్రమే తీయాలి. పొద్దున పాదం వేరు, రోజంతా తిరిగాక పాదం వేరు. న్యూస్‌పేపర్ మీద నిలబెట్టి, రెండు కాళ్ల మీద సమానంగా బరువు వేయించి, పెన్సిల్ నిటారుగా పట్టి చుట్టూ గీయండి. కూర్చోబెట్టి గీసిన కొలత నేను తీసుకోను. బరువు పడగానే పాదం సాగుతుంది, వెడల్పు కూడా అవుతుంది. బొటనవేలి ముందు 12 మి.మీ. ఖాళీ వదలండి.

రెండు గీతలు

ఇక్కడ నిదానంగా పనిచేయండి. బూటు బాగుపడేదీ పాడయ్యేదీ ఇక్కడే.

మనిషి నిలబడి ఉండగానే బొటనవేలి మొదట్లో, పాదం లోపలి అంచున వేలు పెట్టి తడమండి. ఎముక గుబ్బ తగులుతుంది. చిటికెన వేలి మొదట్లో, బయటి అంచున ఇంకొకటి ఉంటుంది. రెండు చోట్లా పేపర్ మీద చుక్కలు పెట్టి కలపండి. అది మడత గీత. పరుగులో మడమ లేచినప్పుడు పాదం మడత పడేది అక్కడే. ఈ గీత పాదానికి అడ్డంగా తిన్నగా రాదు, చిటికెన వేలి వైపు వెనక్కి వాలుతుంది. సరిగ్గా గుర్తించామో లేదో చూడ్డానికి మునివేళ్ల మీద లేవమనండి, మడత మీ గీత మీదే పడాలి.

రెండోది ఇరుసు గీత, అంటే పెడల్ ఇరుసు బూటు కింద ఉండాల్సిన చోటు. ఇరుసు సరిగ్గా బొటనవేలి గుబ్బ కిందే ఉండాలని చాలామంది చెప్తారు. సైకిల్ ఒక్కటే తొక్కేవాళ్లకు అది సరే. దిగి పరుగెత్తాల్సినవాళ్లకు ఇరుసు ఆ గుబ్బకు ఒక సెంటీమీటరు వెనక ఉండాలి. ఇరుసు ముందుకు పోయేకొద్దీ పిక్క మీద భారం పెరుగుతుంది. తర్వాత పరుగులో కావలసింది ఆ పిక్కే కదా.

ఇప్పుడు పట్టీ. అది మడమ దగ్గర మొదలై, ఇరుసు గీత దాటి, మడత గీతకు 4 మి.మీ. వెనక ఆగాలి. అప్పుడు తొక్కేటప్పుడు పాదం కింద గట్టి పలక ఉంటుంది, పరుగెత్తేటప్పుడు ముందు భాగం స్వేచ్ఛగా మడత పడుతుంది. పట్టీ ఇరుసు గీతకు వెనకే ఆగిపోతే సోలు పెడల్ వెనక అంచు మీద వంగి, ఇరవై నిమిషాలకే అరికాలు తిమ్మిరెక్కుతుంది. మడత గీత దాటితే పరుగు నరకం అవుతుంది.

పట్టీ ముందు కొసను గీత వాలుకు తగ్గట్టు ఏటవాలుగానే కోయాలి. మొదట్లో నేను దీన్ని పట్టించుకోలేదు. ఒక పీఈటీ సారుకు చేసిన జతలో బొటనవేలి వైపు కొలత సరిగ్గా పెట్టి, అక్కణ్నుంచి తిన్నగా అడ్డంగా కోసేశాను. దాంతో చిటికెన వేలి వైపు పట్టీ మడత గీతను రెండు సెంటీమీటర్లు దాటింది. సైకిల్ మీద ఆయనకేమీ తెలియలేదు. పరుగులో మూడో కిలోమీటరుకు పాదం ఈడ్చుకుంటూ వచ్చారు. బూటు విప్పితే చిటికెన వేలి కింద అరికాలు ఎర్రగా కందిపోయి, వేలు ఆనిస్తేనే కాలు వెనక్కి లాక్కున్నారు. మూడు వారాలు పరుగు మానాల్సి వచ్చింది. ఆ బూటును రంపెతో చీల్చి లోపల చూసిన రోజు నుంచి ఏ పట్టీనీ తిన్నగా కోయలేదు.

కోశాక కొసను గరుకు కాగితంతో చివరి 25 మి.మీ. పల్చగా అరగదీయండి. గోరుతో గీస్తే అంచు తగలకూడదు. అలా చేయకపోతే సోలు అక్కడ తలుపు బందులా ఒకే గీత మీద మడత పడి, కొన్నాళ్లకు పగులుతుంది.

మడమ నుంచి సోలు పొడవులో పదింట ఏడు వంతులు కొలిచి అక్కడ మడత గీత పెట్టేవాళ్లున్నారు. ఒకే 8 నంబరు పాదాల్లో ఒకరికి వేళ్లు పొడుగు, ఒకరికి పొట్టి. లెక్కతో ఆ గుబ్బ దొరకదు, వేలితోనే దొరుకుతుంది. పూర్తి పొడవు కార్బన్ ప్లేటు వేయమని అడిగేవాళ్లకు నేను ఒప్పుకోను. కంపెనీ బూట్లలో ఆ ప్లేటుతో పాటు ముక్కు పడవలా పైకి లేచి ఉంటుంది, అందుకే అవి మడత పడకుండా దొర్లుతాయి. ముక్కు వంపు లేకుండా ప్లేటు ఒక్కటే పెడితే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. పరుగు బూటు అడుగున క్లీట్, అంటే బూటును పెడల్‌కు పట్టి ఉంచే ముక్క, బిగించుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఇనుప ముక్క మీద 5 కిలోమీటర్లు పరుగెత్తడానికి పాదం ఏం తప్పు చేసింది?

అతికించే ముందు

పట్టీని సొల్యూషన్‌తో కాదు, మొదట టేపుతో అంటించండి. నా దగ్గరికి వచ్చేవాళ్లను అలాగే లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు ఎక్కి దిగి రమ్మంటాను. తర్వాత పానగల్లు చెరువు దాకా సైకిల్ తొక్కి, దిగిన వెంటనే, మంచినీళ్లకు కూడా ఆగకుండా కట్ట మీద పరుగెత్తమంటాను. విశ్రాంతి తీసుకుని పరుగెత్తితే బూటు తప్పు బయటపడదు. నొప్పి ఎక్కడుందో చూపిస్తే పట్టీని 2 మి.మీ. వెనక్కి జరుపుతాను. అంతకన్నా ఎక్కువ జరపాల్సి వస్తే కొలతే తప్పు, మళ్లీ తీస్తాను.

అంతా కుదిరాక రెండు ముఖాలనూ గరుకు చేసి, రెండింటికీ సొల్యూషన్ రాసి, వేలికి అంటుకోని దాకా ఆరనిచ్చి అతికించి సుత్తితో కొట్టండి. ఒక రోజంతా ముట్టుకోవద్దు. మే నెల ఎండలో కారులో వదిలేస్తే ఎంత బాగా అతికించినా ఊడుతుంది.

పైభాగం

ఇది సులువు. నీళ్లలోంచి వచ్చిన పాదం తడిగా, మేజోడు లేకుండా దూరుతుంది కాబట్టి కుట్లన్నీ బయటి వైపే రావాలి. మడమ వెనక వేలు పట్టేంత ఉంగరం, సోలులో నీళ్లు కారడానికి నాలుగు రంధ్రాలు పెట్టండి. లేసులు వద్దు, వణికే వేళ్లతో ముడి పడదు. ఒకే వెడల్పు వెల్క్రో పట్టీ చాలు, అది బయటి వైపుకు తెరుచుకోవాలి. లోపలి వైపుకు తెరుచుకుంటే చెయిన్‌లో ఇరుక్కుంటుంది.

గీతలు గీసిన న్యూస్‌పేపర్ పారేయకండి. ఎడమ పాదానికీ కుడి పాదానికీ మడత గీత ఒకేలా ఉండదు, అందుకే ఏది ఏదో దాని మీదే రాసి, తేదీ వేసి దాచండి. రబ్బరు అరిగి సోలు మార్చే రోజున ఆ కాగితం ముందు పెట్టుకునే పట్టీ కోయాలి.