చీరల డిజైన్ రిఫరెన్సులను మిలానోట్‌లో సర్దుకున్న తీరు

చేనేత చీరలకు డిజైన్లు గీసే నాకు కావలసిన రిఫరెన్సులన్నీ ఫోన్ గ్యాలరీలో, వాట్సాప్‌లో, లాప్‌టాప్ ఫోల్డర్లలో చెల్లాచెదురుగా ఉండేవి. ఫోల్డర్ల పేర్లు మార్చడం వల్ల ప్రయోజనం కలగలేదు, ఎందుకంటే ఒకే బొమ్మ ఒకసారి రంగు కోసం, మరొకసారి అంచు కోసం అవసరమవుతుంది.

బొమ్మలను, చీటీలను బోర్డులపై అమర్చుకునే మిలానోట్ అనే యాప్‌లో బోర్డు లోపల మరో బోర్డు పెట్టుకునే వీలున్నందున దాన్ని ఎంచుకొని, ప్రతి చీరకూ ఒక బోర్డు తెరిచి, అందులో అంచు, కొంగు, రంగులు అనే విభాగాలు చేశాను. ఉదాహరణకు, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన పుట్టపాక తేలియా రుమాలు అనే చేనేత రకం బోర్డులో ఎరుపు, నలుపు, తెలుపు రంగు నమూనాల పక్కనే, పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు) రెండింటికీ నేతకు ముందే కట్లు కట్టి రంగు వేస్తారు కనుక బొమ్మ అంచులు కాస్త పాకినట్టు కనిపిస్తాయని, గీసేటప్పుడు గీతను మరీ పదునుగా ఉంచకూడదని రాసిన చీటీ ఉంటుంది. బొమ్మకన్నా ఆ చీటీయే నాకు ఎక్కువ పనికొస్తోంది.

శ్రీకాళహస్తిలో కలంతో గీసే కలంకారీనీ, పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీనీ వేర్వేరు నిలువు వరుసల్లో పెట్టాను. వాటి గీత స్వభావమే వేరు.

కొత్తగా సేకరించినవన్నీ ముందుగా బోర్డు కుడిపక్కనున్న అన్‌సార్టెడ్ (ఇంకా సర్దనివి) వరుసలోనే ఉంచుతాను. ఎక్కడిదో, ఎందుకు దాచానో ఒక వాక్యం రాయనిదే దేన్నీ బోర్డుపైకి లాగను. రాయడానికి ఏమీ తోచకపోతే తొలగిస్తాను.